విద్యార్థుల మననలేఖనము – సహాధ్యాయుల తోడ్పాటు

(వార్షిక మహాసభయందు విద్యార్థి వసతిగృహ శాఖ పక్షమునఁ జేసిన యుపన్యాసము)



నేఁటి చదువులనుగూర్చి నాలుగు మాటలు చెప్పవలసినదని కార్యనిర్వాహకవర్గమువారు మమ్ము నాజ్ఞాపించిరి. విషయము సముద్రమువంటిది. అందులో నొక చిన్న పాయను మాత్రమే మేము పట్టుకొనుచున్నాము. మాదాపూరు, కొండాపూరు, గచ్చిబౌలి ప్రాంతములలో నుండి చదువుకొను మన పిల్లలు కంప్యూటరు తెరమీఁద నొకరితో నొకరు ఏమి మాటలాడుకొనుచున్నారు? తాము నేర్చినదానిని తమ మాటలలో వ్రాసికొనుచున్నారా? వ్రాసికొనినదానిని తోడివాఁ డెవఁడైనను చదువుచున్నాఁడా? మా ప్రశ్న లింతియే. ఇవి చిన్నవిగాఁ దోఁపవచ్చును. కాని మన వసతిగృహ నిధికి సంబంధించిన తీర్మాన మొకటి ఈ సాయంకాలము మీ యెదుటికి రానున్నది. దానికిని వీనికిని గట్టి సంబంధము గలదు కాఁబట్టి కొంత విపులముగా విన్నవింపక తప్పదు.

మనము నేఁతవారము. సైబర్ టవర్సను గుండ్రని మేడను 1998వ సంవత్సరము నవంబరు 22వ తేదీన నాఁటి ప్రధానమంత్రి వాజపేయిగారు ప్రారంభించిరి. అంతకుముందే దాని చెంతనున్న శిల్పారామము వెలసినది. నేఁటికిని అచ్చట మనవారు చీరలు పఱచుకొని కూర్చుందురు. రోడ్డున కీవలి ప్రక్కను తండ్రి గద్వాలచీర మడత విప్పి చూపుచుండఁగా నావలి ప్రక్కను కుమార్తె కంప్యూటరు ముందు కూర్చుండుట మనలోఁ గొన్ని కుటుంబములయందు నిజముగా జరుగుచున్న సంగతియే. 1974లో స్థాపింపఁబడి, తొలుత సరోజినీదేవిగారి గోల్డెన్ త్రెషోల్డు గృహమున నడచి, పిమ్మట గచ్చిబౌలికిఁ దరలిన హైదరాబాదు విశ్వవిద్యాలయమును, 1998లో నెలకొన్న ట్రిపుల్ ఐటీయును అక్కడనే యున్నవి. చుట్టుపట్ల ఇంజనీరింగు కళాశాలలకు లోటు లేదు. జిల్లానుండి వచ్చిన పిల్లవాఁడు పీజీ హాస్టలని పిలువఁబడు నిరుకు గదిలో నలుగురితోఁ బాటు మంచము వేసికొనును. ఆ నలుగురును నాలుగు కళాశాలలవారు. నలుగురి చెవులయందును ఇయర్‌ఫోనులే. వీని తోడివిద్యార్థు లందఱును సెల్‌ఫోనులో నున్నారు. ప్రక్కమంచముమీఁది వాని పేరు మాత్రము వీనికిఁ దెలియదు.

మన పెద్దలు విద్యను నాలుగు పాళ్లుగాఁ బంచినప్పుడు గురువున కొక్క పాలు మాత్రమే యిచ్చిరి. శిష్యుని సొంతబుద్ధికి నొకటి, కాలమునకు నొకటి పోఁగా, మిగిలిన పాలు తోడివిద్యార్థులకు దక్కినది. మనము వేలకు వేలు ఫీజులు గట్టునది మొదటి పాలునకే! కడమ మూఁడును ఉచితముగా లభించునవి గనుక వానిని గూర్చి యెవ్వరును లెక్క యడుగరు. సొంతబుద్ధి యను పాలును, సహాధ్యాయి యను పాలును కలిసికొను చోటు నొకదానిని మేము చూచితిమి. దానికి మననలేఖన మని పేరు పెట్టుకొంటిమి. విన్నదానిని మనసులోఁ ద్రిప్పి చూచుకొనుటకు మననమని వేదాంతులు పెట్టిన పేరు మనకుఁ బాతదే. ఆ త్రిప్పుటను కాగితముమీఁద, లేదా తెరమీఁద, మఱియొకఁడు చదువునట్లు చేయుటయే మననలేఖనము. ఇది పాఠముయొక్క సంగ్రహము గాదు. హృదయభారమును దించుకొను దినచర్యయుఁ గాదు. నాకుఁ దెలిసిన దేది, నేను చిక్కుకొనిన దెక్కడ, ఆ చిక్కు వీడిన దెట్లు, వీడనిచో నడ్డుపడుచున్న దేమి, అను వానిని దాఁచక వ్రాయుట.

ఇది పరదేశపు మొక్క యని కొందఱనుకొందురు. కాదు. చేతివ్రాత పత్రికలను మన పెద్దవారెఱుఁగుదురు. వసతిగృహములలోను, గ్రంథాలయములలోను విద్యార్థులు లిఖితపత్రికలు వెలువరించెడివారు. ఉన్నది యొక్కటే ప్రతి. అది చేతులు మారుచుఁ దిరిగెడిది. చదివినవారు తమ యభిప్రాయము వ్రాయుటకుఁ గొన్ని పుటలు తెల్లగా విడిచెడివారు. ఆ తెల్లపుటలే యసలైన పాఠశాలలని మా నమ్మకము. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్రభాషానిలయము వెలసెను. 1918లో రాజాబహద్దరు వేంకటరామారెడ్డిగారి పూనికతో రెడ్డి హాస్టలు నెలకొనెను. దాని నిర్వహణభారము వహించిన సురవరము ప్రతాపరెడ్డిగారే 1926లో గోలకొండ పత్రికను స్థాపించిరి. విద్యార్థుల వసతిగృహమును, పత్రికయును ఒక్క మనుష్యుని చేతిలో నుండుట యాదృచ్ఛికమని మే మనుకొనము. వసతిగృహమనఁగా అన్నము, పడక మాత్రమే కాదని ఆ తరమువారు గుర్తించిరి. వారిని జూచి యితరకులములవారును, మనవారును వసతిగృహములు గట్టిరి. కట్టడములు మిగిలినవి. తెల్లపుటలు మాత్రము పోయినవి.

పరదేశపు సాక్ష్య మొకటి చెప్పెదము. అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయమున భౌతికశాస్త్రము బోధించు ఎరిక్ మజూరుగారు 1990 తరువాతి సంవత్సరములలో నొక పద్ధతిని వ్యాప్తికిఁ దెచ్చిరి. తరగతిలో నొక ప్రశ్న వేయుదురు. ప్రతివాఁడును ఒంటరిగా నాలోచించి యొక సమాధానమునకుఁ గట్టుపడవలెను. పిమ్మటఁ బ్రక్కవానితో వాదించి వానిని ఒప్పింపవలెను. తరువాత మరల సమాధానము చెప్పవలెను. రెండవమాఱు సరియైన సమాధానములు పెరుగుచుండుట వారు గమనించిరి. కారణము సులభము. గురువునకు ఆ విషయము తెలిసి ఇరువదియేండ్లయినది. తా నెక్కడఁ దడఁబడెనో యాయన మఱచిపోయెను. నిన్న నేర్చినవానికి ఆ తడఁబాటు ఇంకను పచ్చిగా జ్ఞాపకమున్నది. కావున వాఁడు చెప్పిన మాట ఇవాళ తడఁబడువానికి సూటిగాఁ దగులును. మగ్గముమీఁదఁ గ్రొత్తగాఁ గూర్చుండిన కుఱ్ఱవానికి అతుకువేయుట నేర్పునది తాత గాదు, రెండేండ్లు పెద్దవాఁడైన అన్నయే యని మన యిండ్లలో నెవ్వరికిఁ దెలియదు?

మన పొరుగుననే యున్న మఱియొక దృష్టాంతము. ఎదుటఁ గూర్చుండక చదువుకొను సార్వత్రిక విశ్వవిద్యాలయములకు మన దేశమున మన రాజధానియే పుట్టినిల్లు. 1982లో ఆచార్య జి. రామ్‌రెడ్డిగారు తొలి యుపాధ్యక్షులుగా హైదరాబాదున నెలకొన్న సార్వత్రిక విశ్వవిద్యాలయము దేశమునందు మొదటిది. నేఁడది డాక్టరు అంబేడ్కరుగారి పేర నడచుచున్నది. మగ్గము విడువక, కొట్టు విడువక, పట్టము పొందిన మనవారు దానికి ఋణపడియున్నారు. పాఠములు అచ్చుపుస్తకములరూపమున ఇంటికి వచ్చెడివి. అయినను ఆ సంస్థవారు పుస్తకముతో సరిపెట్టక, అధ్యయనకేంద్రములు పెట్టి సెలవుదినములలో విద్యార్థులను కూడఁబెట్టిరి. ఆ కేంద్రముల మెట్లమీఁద, చాయకొట్టు బల్లలమీఁద జరిగిన సంభాషణములు ఏ పాఠ్యప్రణాళికలోను లేవు. వానివలననే తాము ఉత్తీర్ణులమైతిమని చెప్పువారు ఈ సభలోఁ గూర్చుండియున్నారు.

2020వ సంవత్సరము మార్చి నెలలో కరోనా వ్యాధివలన కళాశాలలు మూఁతపడినప్పుడు పాఠము తెరలోనికిఁ బోయినది. మెట్లు మాత్రము పోలేదు, మాయమైనవి. పాఠము తిరిగి తరగతికి వచ్చినను, తెర వెనుకకుఁ బోలేదు. 2017 జులైలో ప్రారంభమైన స్వయం అను ప్రభుత్వపు ఆన్‌లైను విద్యావేదికపై చదివిన పాఠ్యభాగములకు, ఒక్కొక్క యర్ధసంవత్సరమున నూటికి 40 వంతులవఱకు, విశ్వవిద్యాలయములు గుర్తింపు నీయవచ్చునని విశ్వవిద్యాలయ ధనసహాయసంఘమువారు 2021లో నిబంధన చేసిరి. కావున సహాధ్యాయితో తెరమీఁద మాటలాడుట యిఁకమీఁదట మన పిల్లలకుఁ దప్పని పని. దీనివలన మేలు లేకపోలేదు. తరగతిలో నోరు విప్పని పిల్ల రాత్రి పదిగంటలకుఁ దీరికగా నాలోచించి వ్రాయఁగలదు. రాత్రివేళ బయటికిఁ బోవుటకు ఇంట నొప్పుకొననిది తన గదినుండియే వాదింపఁగలదు. ఇంగ్లీషు మాట నాలుకపైఁ దడఁబడువానికి వ్రాతలో దిద్దుకొనుట కవకాశము దొరకును.

అయిన నేమి జరుగుచున్నది? మార్కుల కొఱకుఁ బెట్టిన చర్చలలో పిల్లలు లెక్కకుఁ జాలినన్ని మాటలు వ్రాయుదురు. ఒకఁడు వ్రాసినదానిక్రింద నలువదిమంది "చాల బాగున్నది" యని చేరుతురు. చదివినవాఁడు ఒక్కఁడైన నుండునో యుండఁడో! ఇఁక వాట్సాపు కూటములలో ప్రశ్నపత్రములును, నోట్సులును, రికార్డు పుస్తకముల ఛాయాచిత్రములును ప్రవహించుచుండును. ఇచ్చిపుచ్చుకొనుట కేమియు లోపములేదు. సంభాషణము మాత్రము లేదు.

మా కనుల యెదుట జరిగిన దొక్కటి చెప్పవలెను. పేరును, ఊరును, కళాశాలను చెప్పము. మన వసతిగృహమున మూఁడవ సంవత్సరము చదువుచున్న బాలుఁ డొకఁడు దసరాకు ఇంటికిఁ బోయి తిరిగి రాలేదు. దీపావళి దాఁటినను రాలేదు. విచారింపఁగా, మొదటి సంవత్సరమునుండియు ప్రోగ్రామింగు పాఠ మతనికి అంతుపట్టలేదని తేలెను. ఒకదానిపై నొకటి తప్పిన పరీక్షలు ఆఱు పేరుకొనినవి. ఇంట జెప్పలేక, ఇచ్చట నుండలేక, తండ్రి మగ్గమునొద్దఁ గూర్చుండెను. అతఁడు ఐదు వాట్సాపు కూటములలో సభ్యుఁడు! వానిలో అతఁడు చివర వ్రాసిన మాటను మాకు స్నేహితుఁడు చూపెను. మూఁడవ యూనిట్టు నోట్సు ఎవరైనఁ బంపుదురా యని. రెండు నిమిషములలో ఫైలు వచ్చినది. నీ కేమి తెలియలేదు రా, అని మాత్రము ఒక్కఁడును అడుగలేదు. మేమును అడుగలేదు. రెండున్నర సంవత్సరములు ఆ బాలుని భోజనపు లెక్క మాయొద్ద నున్నది. వాని చిక్కు మాయొద్ద లేదు.

ఆ తరువాతనే మేము చిన్న ప్రయత్నము చేసితిమి. పదునలుగురు విద్యార్థులు, ఏడు జతలు. వారమున కొక్క పుట. ఆదివారము రాత్రి ఆన్‌లైనులో నొక పత్రముమీఁద వ్రాయవలెను. తెలుఁగైనను సరే, ఇంగ్లీషు కలిసిన తెలుఁగైనను సరే. చిక్కుకొనిన చోటు తప్పక యుండవలెను. బుధవారములోపల జతవాఁడు చదివి యొక ప్రశ్న వేయవలెను. మెచ్చుకోలు నిషిద్ధము. నియమము లింతియే. ఆఱు వారములు శుద్ధముగా వ్యర్థమైనవి. పుటలన్నియు సభామర్యాదతో నిండియుండెను. గురువులయందు భక్తి, సంఘమునందుఁ గృతజ్ఞత, ఇట్టి వాక్యములే! చిక్కుల మాట లేదు. తప్పు మాదే యని యాలస్యముగాఁ దెలిసెను. ఆ పత్రములను మేము కూడఁ జదివి, క్రింద "శభాష్" అని వ్రాయుచుంటిమి. భోజనము పెట్టువాఁడు చదువుచుండఁగా, నాకు రాదని యెవఁడు వ్రాయును? ఏడవ వారమున మేము తప్పుకొంటిమి. పత్రము జతవారి కిద్దఱికి మాత్రమే తెఱచియుండు నేర్పాటు జరిగెను.

అంతట మార్పు వచ్చినది. ఇది మేము చదివి చెప్పుట లేదు. పిల్లలే యిష్టపడి తరువాతఁ జూపిన కొన్ని పుటలనుబట్టి చెప్పుచున్నాము. ఒక విద్యార్థిని, తన్నుఁ దానే పిలుచుకొను ప్రక్రియ, వారు రికర్షను అందురు, తనకు బాగుగాఁ దెలిసినదని వ్రాసెను. జతపిల్ల యొక్కటే యడిగెను: లోపలి పిలుపు ముగియువఱకు వెలుపలి లెక్క యెక్కడఁ గాచియుండును? ఈమెకు సమాధానము దొరకలేదు. తెలిసినదనుకొనినది తెలియలేదని యప్పుడు తేలినది. రెండు దినములు కొట్టుకొని, చివరకు భోజనశాలలో నొకదానిపై నొకటి పేర్చిన కంచములను జూచి, క్రిందికంచము పైకంచము తీయువఱకుఁ గాచియుండునని వ్రాసి, బొమ్మ గీసెను. పాఠ్యపుస్తకములలోఁ గంచముల యుపమానము పూర్వమే యున్నదని మాకు తరువాతఁ దెలిసెను. ఉండనిండు. ఆ పిల్లకు మాత్రము అది మన వంటయింటనే దొరికినది. మఱియొకఁడు ఉద్యోగముల యెంపికపరీక్షలో తప్పిన సంగతిని వ్రాసి, తప్పినందులకుఁ గారణము ఇంగ్లీషు రాకపోవుట యనెను. జతవాఁడు, ఆ ప్రశ్నను తెలుఁగున నడిగియుండినచో చేసియుందువా యని యడిగెను. చేసియుండనని వాఁడే యొప్పుకొని, తన లోపము భాషలోఁ గాదు, భిన్నముల లెక్కలలో నున్నదని గ్రహించెను. ఇట్టి మాట గురువు చెప్పినచో నొచ్చును.

ఆలోచన తెలుఁగున సాగుటను జూచి కొందఱు పెద్దలు ముఖము చిట్లించిరి. హైటెక్ సిటీలో తెలుఁగేల యని. మే మనున దేమనఁగా, చిక్కు ఏ భాషలోఁ బడినదో విప్పుటయు నా భాషలోనే సులభము. ఇంజనీరింగు విద్యను తెలుఁగుతోఁ గూడఁ గొన్ని దేశభాషలలో బోధించుటకు 2021లో అఖిలభారత సాంకేతికవిద్యామండలివారే యనుమతించిరి గదా.

2022 నవంబరు 30వ తేదీన చాట్‌జీపీటీ యను యంత్రము లోకమునకు వచ్చినది. అడిగినంతనే వ్యాసము వ్రాసి యిచ్చు నీ యంత్రమును మన పిల్లలును చేపట్టిరి. కొంతకాలమునకు జతలలోఁ గొన్ని పుటలు ఉన్నట్టుండి నున్నగా మారినవి. చక్కని యింగ్లీషు, మూఁడు పేరాలు, చివర నొక యుత్సాహవాక్యము. మేము నిషేధింపలేదు. నిషేధించినను సాగదు. దీనిని బట్టుకొనినవారు పిల్లలే. జతవాఁడు బుధవారమున నొక ప్రశ్న వేయఁగా, వ్రాసినవాఁడు తన పుటలోని వాక్యమునకుఁ దానే యర్థము చెప్పలేకపోయెను. ఇద్దఱును నవ్వుకొనిరఁట. యంత్రముచే నేయించిన బట్టను జేనేఁత యని యమ్మువానిని మనము దూరమునుండియే గుర్తుపట్టుదుము గదా. చేనేఁతలో నెక్కడనో యొక పోగు ముడి యుండును. పుటలో ముడి లేకున్న జతవాఁ డనుమానించుట నేర్చినాఁడు. యంత్రమును వాడఁగూడదని మేము చెప్పము. చింతకింది మల్లేశముగారు తల్లి చేతినొప్పిని జూచి ఆసుయంత్రమును నిర్మింపలేదా? దానికై 2017లో పద్మశ్రీ పొందలేదా? కాని తల్లి చేయి ఎక్కడ నొచ్చుచున్నదో చూచినది యంత్రము గాదు, కొడుకు.

ఈ విధమైన వ్రాత మన యొక్కరి వెఱ్ఱి గాదు. 2014లో జాతీయ ఉపాధ్యాయవిద్యామండలివారు బీ.ఎడ్. చదువును రెండేండ్లకుఁ బెంచినప్పుడు, గ్రంథములను జదివి మననము చేయు నభ్యాసమును అందుఁ జేర్చిరి. 2019నుండి వైద్యవిద్యార్థులు తమ లాగ్‌బుక్కులలో అనుభవమును, దానిపైఁ దమ యాలోచనను వ్రాయవలసియున్నది. ఇంజనీరింగు కళాశాలలలోఁ గ్రొత్తవిద్యార్థులను చిన్నచిన్న జట్లుగా నొక యాచార్యునితోఁ గూర్చుండఁబెట్టు ప్రవేశకార్యక్రమమును 2017లో సాంకేతికవిద్యామండలివారు నిర్ణయించిరి. అందులకుఁ బూనుకొనిన ఆచార్య రాజీవ్ సంగల్‌గారు అంతకు ముందు మన గచ్చిబౌలి ట్రిపుల్ ఐటీకి సంచాలకులుగా నుండినవారే. అయితే లాగ్‌బుక్కులయందు నేమి జరుగునో విద్యార్థుల నడిగినఁ జెప్పుదురు. పైసంవత్సరమువాని పుస్తకము చూచి వ్రాయుదురు. సంతకము పడును. మార్కు కొఱకు మననము చేయుమనుట, జీతమున కేడ్చుమనుటవంటిది.

ఇఁక తీర్మానము. దాతలలోఁ గొందఱు పూజ్యులు రెండు సూచనలు చేసియున్నారు. విద్యార్థుల పుటలను నెలకొకమాఱు సంఘమున కందఁజేయవలెనని యొకటి. ఆ పుటలనుబట్టి విద్యార్థివేతనములను నిర్ణయింపవలెనని రెండవది. వారి యుద్దేశము మంచిదని మే మెఱుఁగుదుము. ఇచ్చిన ధనము ఫలించుచున్నదా యని తెలిసికొనుటకు వారి కధికారము గలదు. అయినను ఈ రెండు సూచనలను సభవారు త్రోసిపుచ్చవలసినదని చేతులు జోడించి వేఁడుచున్నాము. ఆఱు వారముల మా తప్పును వ్యయముచేసి మరలఁ గొనవలసిన పనిలేదు. పుటలు మనయొద్దకు వచ్చిన దినముననే అవి మనకొఱకు వ్రాయఁబడును. మనకొఱకు వ్రాసినదానిలో మనకుఁ గావలసినది యుండదు. లెక్క కావలెనన్నచో, ఏ జత ఎన్ని వారములు వ్రాసెను, ఎన్ని ప్రశ్నలు వేసికొనెను అను పట్టిక నిత్తుము. పిల్లలు తమంత నిచ్చిన పుటలను, పేరులు తీసివేసి, వచ్చు సంవత్సరపు సంచికలోఁ బ్రకటింతుము. ఒక బాలుఁడు ప్రమాదమున నున్నాఁడని జతవానికిఁ దోఁచినచో, వానితోఁ జెప్పియే వార్డెనునకుఁ దెలుపవలెనను నియమమును పిల్లలే పెట్టుకొనిరి. దానిని మేము స్వీకరించితిమి.

మేము కోరున దల్పము. వసతిగృహమునకు మంచి ఇంటర్నెట్టు కలయిక. సొంత కంప్యూటరు లేని పిల్లలకై వాడినవైనను రెండు లాప్‌టాపులు. క్రిందియంతస్తులో మూలఁబడియున్న సామానుగదిని ఖాళీచేసి నాలుగు బల్లలు. తెరమీఁది జతలు నెలకొకమాఱు అచ్చట ఎదురెదురుగాఁ గూర్చుండుట కది యుపయోగపడును. పద్దుల వివరము కార్యదర్శిగారియొద్ద నున్నది.

దసరాకు వెళ్లిన బాలునిగూర్చి కొందఱు మమ్ము ద్వారముకడ నడిగిరి. అతఁ డింకను ఊరిలోనే యున్నాఁడు. తప్పిన పరీక్షలలో రెండింటికి మరల ఫీజు గట్టినాఁడు. ఎనిమిదవ జతగా నొక విద్యార్థి అతనికి ఊరినుండియే వ్రాయుమని కబురంపఁగా, గడచిన ఆదివారము తొలిపుట వచ్చినదని యా విద్యార్థి చెప్పెను. అందేమున్నదో మే మడుగలేదు.